తుంపరలో ఖాళీ ట్రైలరు

వానలో ట్రైలరు నడపడం గురించి కొత్తగా స్టీరింగు పట్టిన కుర్రాళ్లు అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: బండి మీద లోడు ఉందా, ఖాళీయా? లోడు ఉందంటే రెండు మాటలు చెప్పి పంపేస్తాను. ఖాళీ బండి, కురుస్తున్నది ముసురు తుంపర అంటే మాత్రం టీ తెప్పించి కూర్చోబెడతాను. కుండపోత వానకు అందరూ భయపడతారు, అందరూ నెమ్మదిస్తారు. తుంపరను ఎవరూ లెక్కచేయరు. 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచిన వారంలో, ఈ రెండు రకాల వానలూ నాకు ఒకే ట్రిప్పులో తగిలాయి.

మాది చీమకుర్తి దగ్గర పల్లె. కాపురం చెన్నై మాధవరంలో. లారీ ఆఫీసులు, మెకానిక్కులు, తెలుగు మాట్లాడే డ్రైవర్లు అంతా అక్కడే కాబట్టి వేరే చోటు వెతకలేదు. చీమకుర్తి క్వారీల నుంచి బ్లాక్ గెలాక్సీ గ్రానైటు రాళ్లను చెన్నై ఓడరేవుకు చేర్చడం నా పని. మూడు వందల కిలోమీటర్లకు కాస్త పైగా దారి. బండికి 22 టైర్లు: లాగే బండికి, అంటే హార్స్‌కు పది, వెనక ట్రైలరుకు పన్నెండు. మా ఊరి వాడే ఒకాయన, వరసకు బాబాయి, అదే ఓనరు దగ్గర ఇంకో ట్రైలరు నడుపుతాడు. ఆ ట్రిప్పులో ముందు బండి ఆయనది, వెనక బండి నాది.

రాతి లోడు గురించి తెలియనివాళ్లు దాని బరువు చూసి భయపడతారు. గ్రానైటు ఘనమీటరుకు దాదాపు మూడు టన్నులు తూగుతుంది. మూడు మీటర్ల పొడవు, మీటరున్నర ఎత్తు, రెండు మీటర్ల లోపు వెడల్పు ఉన్న ఒక్క రాయే ఇరవై టన్నులు దాటిపోతుంది. కానీ పత్తి బేళ్ల లారీలాగా ఇది తేలిగ్గా బోల్తా పడే లోడు కాదు, బరువంతా కిందే ఉంటుంది. దీని జబ్బు జారడం. తడిసిన ఇనుప తలం మీద తడిసిన రాయి, రెండింటి మధ్య క్వారీ నుంచి అంటుకొచ్చిన రాతిపొడి బురద. గట్టిగా బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది, రాయి ఆగదు. రాయికి ముందున్నది డ్రైవరు క్యాబిన్.

అందుకని తలం మీద బురదను నీళ్లతో కొట్టించి, చెక్క దుంగలు పరిపించి, వాటి మీద పాత టైరు నుంచి కోసిన రబ్బరు ముక్కలు వేయించి, అప్పుడే క్రేను వాడికి చెయ్యి ఊపాను. రాయి దిగాక నాలుగు పక్కలా చెక్క అడ్డాలు కొట్టించి, పైనుంచి చైన్లు బిగించాను. ‘అంత బరువు ఎక్కడికి పోతుందిలే’ అని చైన్లు లేకుండా పంపేసే మేస్త్రీలు క్వారీల్లో ఇప్పటికీ ఉన్నారు. బాబాయి వాళ్లతో వాదించడు. చైను తెచ్చి వాళ్ల కాళ్ల దగ్గర పడేసి బీడీ ముట్టించుకుంటాడు. అది బిగించేదాకా బండి కదలదు.

వాతావరణ కేంద్రం తుపాను హెచ్చరికలు అప్పటికే వస్తున్నాయి. బయలుదేరే ముందు బ్రేకులకు గాలి అందించే ట్యాంకుల కింద ఉండే రింగులు ఒక్కొక్కటే లాగాను. బుస్సుమని గాలి, దానితో పాటు గరిటెడు తెల్లటి నీళ్లు, అందులో నూనె జిడ్డు. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఈ నీళ్లు రోజూ చేరతాయి. వదలకుండా ఉంచితే వాల్వుల్లోకి పోయి బ్రేకు ఆలస్యంగా పడుతుంది, లేదా ఒక పక్క చక్రాలకే పడుతుంది. పొడి రోడ్డు మీద ఆ తేడా తెలియకపోవచ్చు. తడి రోడ్డు మీద ఒక పక్కే బ్రేకు పడితే బండి అడ్డం తిరుగుతుంది. గాలి మీటరు ముల్లు ఎనిమిది దాకా ఎక్కి అక్కడ నిలబడితేనే గేరు వేస్తాను.

టైర్ల సంగతి అంత బాగాలేదు. లారీ టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదని చట్టం. అది ఎండాకాలపు లెక్క అని నా అభిప్రాయం. వానలో గాడి చేయాల్సిన పని టైరు కింద నీళ్లను పక్కలకు తోసేయడం. 1.6 మిల్లీమీటర్ల గాడి ఎన్ని నీళ్లని తోస్తుంది? మా బండికి ముందు టైర్లు రెండూ కొత్తవే. హార్స్ వెనక టైర్లలో నాలుగు నున్నబడడానికి దగ్గరపడ్డాయి, ట్రైలరువి చాలావరకు రీబటన్, అంటే అరిగిన టైరుకు పైన కొత్త రబ్బరు అతికించినవి. ఓనరుకు ముందే చెప్పాను. ‘ఈ ఒక్క ట్రిప్పూ కానివ్వు’ అన్నారు. ఓనర్లందరూ ఈ మాట ఏ బడిలో నేర్చుకుంటారో తెలియదు.

అద్దం కూడా సిద్ధం చేసుకోవాలి. పొగాకు కాడను నీళ్లలో నానబెట్టి బయటి వైపు రుద్దితే చినుకులు ముత్యాలు కట్టకుండా పలచటి పొరగా జారిపోతాయి. పాత డ్రైవర్ల చిట్కా ఇది, పని చేస్తుంది. లోపల పట్టే ఆవిరితోనే చిక్కు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేస్తూ ఆ డిసెంబరులోనే ఉత్తర్వు వచ్చింది. అది వేసవి సుఖం కోసమని అందరూ అనుకున్నారు. ముసురులో రాత్రంతా నడిపిన వాడిని అడిగితే లోపలి ఆవిరి ఆరబెట్టడమే దాని అసలు మేలు అంటాడు. మా బండికి అది లేదు కాబట్టి కిటికీ వేలెడంత తెరిచి, భుజం తడుపుకుంటూ నడిపాను.

నెల్లూరు పెన్న వంతెన దగ్గర తొలి చినుకులు పడ్డాయి. 2021 నవంబరులో వరదకు పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయి లారీలు బారులు తీరినప్పుడు బాబాయి ఆ వరుసలో చిక్కుకున్నాడు. అప్పటి నుంచి అక్కడికి రాగానే ఆయన బండి వేగం తగ్గుతుంది, వాన ఉన్నా లేకపోయినా. ఆ రాత్రి తగ్గించడానికి వేరే కారణం కూడా ఉంది. చాలా రోజులు పొడిగా ఉన్న రోడ్డు మీద డీజిలు, ఇంజిన్ ఆయిలు, అరిగిన రబ్బరు, దుమ్ము పేరుకుని ఉంటాయి. తొలి చినుకులు వాటిని కడగవు, పైకి తేలుస్తాయి. ఆ తరువాత గట్టిగా కురిసే వానే వాటిని కడిగి పక్క కాలువలోకి పంపుతుంది. అందుకే గూడూరు దాటి వాన బలపడ్డాక నాకు కొంత ఊపిరి ఆడింది.

లోడు బండి వానలో మాట వింటుంది. బరువు టైరును రోడ్డుకు అదుముతుంది, నీటిని చీల్చుకుని అడుగుకు దిగుతుంది. ఆగడానికి మాత్రం ఎక్కువ దూరం కావాలి. ఆ దూరాన్ని ముందే వదిలి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. నాయుడుపేట నుంచి తడ దాకా వేగం నలభై దాటనివ్వలేదు. ఎడమ వరుసలో లారీల బరువుకు రోడ్డు కుంగి చక్రాల గాడులు పడి ఉంటాయి, నీళ్లు నిలిచేది వాటిలోనే. చక్రాలను జానెడు పక్కకు జరిపి ఆ గాడుల గట్టు మీద నడిపించాలి. నీళ్ల మందం తెలుసుకోవడానికి ముందు బండి జాడ చూస్తాను. బాబాయి చక్రాల వెనక నల్లటి జాడ కాసేపు నిలిచి ఉంటే రోడ్డు మీద నీళ్లు తక్కువ. జాడ పడిన వెంటనే పూడిపోతుంటే నీళ్లు ఎక్కువ, ఇంకో గేరు తగ్గించాలి. ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, రాత్రంతా ఇంకొకరి వెనక దీపాలు చూస్తూ పోతే కళ్లకు తానే అలవాటవుతుంది.

డిసెంబరు 3, ఆదివారం ఉదయం ఎలావూరు చెక్‌పోస్టు, రెడ్‌హిల్స్, మాధవరం దాటి, మణలి మీదుగా ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డు ఎక్కాం. ఓడరేవు గేటు కోసం లారీల వరుస అప్పటికే చాలా దూరం ఉంది. ఆ రోజే తెలంగాణ ఓట్ల లెక్కింపు. వరుసలో తెలుగు డ్రైవర్లు ఉన్న ప్రతి క్యాబిన్‌లోనూ ఫోన్‌లో అదే. ఎవరు గెలిస్తే మన డీజిలు ధర తగ్గుతుందని బాబాయి అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. తండయార్‌పేట నుంచి ఒకావిడ రోజూ సైకిలు మీద ఇడ్లీలు తెస్తుంది, తెలుగావిడే. ఆ సాయంత్రం గిన్నె ఖాళీ చేసేస్తూ, ‘ఇంకో రెండు పెట్టుకోండి నాయనా, రేపు నేను రాను. సముద్రం రంగు బాగాలేదు’ అంది.

ఆవిడ చెప్పినట్టే అయింది. ఆ రాత్రి, మర్నాడంతా కురిసిన వానను నేను వర్ణించలేను, టీవీల్లో అందరూ చూసిందే. విమానాశ్రయం రన్‌వే మునిగి 4న మూతపడింది. ఓడరేవులో పనులు ఆగిపోయాయి. ఒడ్డున పేర్చిన బండరాళ్ల మీదుగా అలలు ఎగిరి రోడ్డు మీద పడుతున్నాయి. మా పక్కన ఖాళీ కంటెయినరు బళ్లు గాలికి ఊగుతుంటే, రాయి మోస్తున్న మా బళ్లు కదలలేదు. ఆ రెండు రాత్రులూ ఆ రాయిని మనసులో ఎన్నిసార్లు మెచ్చుకున్నానో. మేం చెన్నైలో ఇరుక్కుని ఉండగానే తుపాను తీరం వెంబడి పైకి పోయి 5న మా ఇంటి వైపే, బాపట్ల దగ్గర తీరం దాటింది. ఊళ్లో అమ్మకు ఫోన్ కలిసేసరికి పశువుల పాక రేకులు లేచిపోయాయని, మనుషులు బాగానే ఉన్నారని తెలిసింది.

గేటు తెరిచాక రాయి దించడం పెద్ద పని కాదు. క్రేను ఎత్తింది, కాగితాల మీద ముద్ర పడింది. ట్రైలరు ఒక్కసారిగా పైకి లేచి నిలబడింది, కింద స్ప్రింగు పట్టీలు కిర్రుమన్నాయి. అప్పటికి వాన వెలిసినట్టే ఉంది. సన్నటి తుంపర, అంతే. ఆఫీసు గుమాస్తా ఫోన్: ‘వాన తగ్గిందిగా, తొందరగా బయటపడండి. చీమకుర్తిలో ఇంకో లోడు ఉంది.’ తగ్గింది కాబట్టే నెమ్మదిగా వస్తామని బాబాయి చెప్పాడు. గుమాస్తాకు అది వెటకారంగా వినిపించినట్టుంది.

మణలి వైపు రోడ్లలో నీళ్లు ఇంకా దిగలేదు. లోతు ఎంతో తెలియని నీళ్లలోకి ముందుగా దిగకూడదు. ఎదురుగా వచ్చే లారీకి నీళ్లు చక్రం నడుమ బొడ్డు దాకా వచ్చాయా, కింద ఉన్నాయా చూసుకోవాలి. బొడ్డు కిందే ఉన్నాయి. మొదటి గేరులో, కాలు ఎత్తకుండా, క్లచ్ తొక్కకుండా, ఒకే చప్పుడుతో దాటించాను. ఆ నీళ్లు మామూలు వరద నీళ్లు కావు. ఆ వారమే ఎన్నూరు వాగులోకి వరదతో పాటు చమురు కొట్టుకొచ్చింది. జాలర్ల పడవలకూ, ఆ చుట్టుపక్కల ఇళ్ల గోడలకూ నల్లటి జిడ్డు పూత పట్టింది. మా చక్రాలు ఎత్తి పోసిన నీళ్లలోనూ ఆ వాసన ఉంది. గట్టు ఎక్కాక మెల్లగా పోతూనే బ్రేకు పెడల్ మీద కాలు ఆనించి కొంతదూరం రాపిడి పెట్టాను. లైనింగులు తడిసి ఉంటే మొదటి తొక్కుడుకు ఏమీ పట్టదు, వేడెక్కితే ఆరిపోతాయి. రెండుసార్లు అలా ఆరబెట్టాక బ్రేకు మామూలుగా పడింది.

బ్రేకు సరిగా ఉండడం వేరు, రోడ్డు దాన్ని ఒప్పుకోవడం వేరు. మాధవరం దగ్గర వంతెన మీద నుంచి ఎడమకు దిగే వంపు ఉంది. వరద తగ్గిన చోట్ల నుంచి లారీ టైర్లు మోసుకొచ్చిన ఒండ్రు ఆ వంపంతా పలచగా పరుచుకుని ఎండింది, దాని మీద ఇప్పుడు తుంపర. సబ్బు రుద్ది వదిలేసిన గచ్చు ఎలా ఉంటుందో అలా ఉంది. ఇరవైకి అటూ ఇటూ వేగంలోనే దిగుతున్నాను. ముందు పోతున్న ఆటో, లోపలి వాళ్లకు జల్లు కొడుతోందని కాబోలు, పక్క పరదా దించడానికి వంపు మధ్యలో ఆగింది.

బ్రేకు మీద కాలు పెట్టాను, తొక్కాను అని కూడా అనలేను. అప్పటిదాకా టైర్ల కింద సన్నగా చిమ్ముతున్న నీటి చప్పుడు ఒక్కసారి ఆగిపోయింది. పొడి రోడ్డు మీద చక్రం పట్టేస్తే కీచుమని అరుస్తుంది, అందరికీ తెలుస్తుంది. తడి మీద చక్రం బిగిసిపోతే నిశ్శబ్దం. కుడి అద్దంలో చూస్తే ట్రైలరు వెనక మూల, అంతదాకా కనపడనిది, మెల్లగా బయటికి వస్తోంది. తోక వంపు బయటి గోడ వైపు పోతోంది. అలాంటప్పుడు కాలు ఇంకా బలంగా తొక్కాలని చూస్తుంది. కాలు పూర్తిగా ఎత్తేశాను, స్టీరింగు దారి వైపే పట్టుకుని ఉంచాను. చక్రాలు మళ్లీ తిరగడం మొదలుపెట్టాయి, నీటి చప్పుడు తిరిగి వినిపించింది, తోక గోడకు తగలకుండానే వరుసలోకి వచ్చేసింది. మిగిలిన కొద్ది దూరంలో కాలును ఆనించి ఎత్తి, ఆనించి ఎత్తి ఆపాను. ఆటోకూ నా బంపరుకూ మధ్య ఒక మనిషి పట్టే సందు. ఆటో అతను పరదా తాడు ముడి వేసుకుని, నా వైపు కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

ఇందులో మాయ ఏమీ లేదు. రాయి దిగిపోయాక బండి బరువు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది, బ్రేకులు మాత్రం నిండు లోడును ఆపే బలంతోనే ఉంటాయి. కాబట్టి కాస్త ఆనించినా చక్రం బిగిసిపోతుంది. బిగిసిన చక్రానికి దారి తెలియదు, ఎటు తోస్తే అటే పోతుంది. లోడును బట్టి బ్రేకు బలాన్ని తగ్గించే వాల్వు కొన్ని ట్రైలర్లకు ఉంటుంది, మా దానికి లేదు. చక్రం బిగిసిపోకుండా చూసే ఏబీఎస్ హార్స్‌కు ఉంది, పాత ట్రైలరుకు లేదు. అంటే ముందు బండి బుద్ధిగా ఆగుతుంటే వెనక బండి తన దారిన తాను పోతుంది. బరువు లేని టైరు నీటిని కూడా సరిగా చీల్చలేదు, అందులోనూ అరిగిన టైరు.

బాబాయి కింద రోడ్డు పక్కన ఆపి అద్దంలో అంతా చూశాడు. దిగి వచ్చి మొదట అడిగింది, ‘ఎగ్జాస్ట్ బ్రేకు వేశావా?’

‘లేదు బాబాయి. ఓడరేవు గేటు దగ్గరే ఆపేశాను.’

‘అది వేసుంటే ఈపాటికి నీ క్యాబిన్ వెనక్కి తిరిగి ట్రైలరును చూస్తుండేది’ అన్నాడు.

ఆయన చెప్పింది నిజం. ఎగ్జాస్ట్ బ్రేకు అంటే ఇంజిన్ పొగ పోయే దారిని మూసి బండిని నెమ్మదింపజేసేది. లోడుతో ఘాట్ దిగేటప్పుడు అది దేవుడు. అది హార్స్ వెనక చక్రాలను మాత్రమే పట్టి ఆపుతుంది. ఖాళీ బండి జారుడు రోడ్డు మీద ఉన్నప్పుడు ఆ చక్రాలే జారితే ట్రైలరు వెనక నుంచి తోస్తూనే ఉంటుంది, రెండూ మడత పడతాయి. చాలామంది అలవాటు కొద్దీ ఆ స్విచ్చిని రోజంతా వేసే ఉంచుతారు. బళ్ల కంపెనీలు శిక్షణలో ఏటవాలు దారుల గురించి చెప్పినంత వివరంగా ఖాళీ బండి గురించి చెప్పవు. ట్రైలరు విప్పేసి ఉత్త హార్స్ తోనే వానలో పోవడం ఇంకా కష్టం, కానీ అది వేరే కథ.

మాధవరం లారీ టెర్మినల్‌లో బండ్లు పెట్టి, గుమాస్తాకు ఆ రోజు కదలమని చెప్పేశాం. ఇల్లు అక్కడికి దగ్గరే అయినా వెంటనే వెళ్లలేదు. నీళ్లలో దిగిన బండిని ఆరకముందే విప్పి చూడాలి. హౌసింగ్, అంటే వెనక ఇరుసు మధ్య గేర్లు ఉండే పెట్టె, దాని బిరడా తీస్తే ఆయిలు తెల్లబడి వచ్చింది. గాలి పోయే గొట్టంలోంచి నీళ్లు లోపలికి చేరాయన్నమాట. దాన్ని అలాగే వదిలేస్తే గేర్ల పళ్లు తినేస్తుంది. మొత్తం వంపించి కొత్త ఆయిలు పోయించాను. ట్రైలరు చక్రాల బొడ్డుల్లో రెండింటి గ్రీజు కొట్టుకుపోయింది, అవీ నింపించాను. మెకానిక్కు అన్నిటికీ కలిపి రాసిన బిల్లు ఓనరుకు పంపాను. బిల్లుతో పాటు, అరిగిన నాలుగు టైర్ల గాడుల్లో లోతు కొలిచే పుల్ల పెట్టి అంకె కనపడేలా తీసిన ఫోటోలు కూడా పంపాను. ‘అరిగింది’ అని నోటితో చెబితే ఓనర్లకు వినపడదు. ఇవి మారితేనే తరువాతి లోడు ఎత్తుతామని బాబాయి తన ఫోన్ నుంచి చెప్పాడు, ఆయన మాటకు విలువ ఎక్కువ.

లోడుకు ముందు నాలుగు టైర్లు వచ్చాయి. రెండు కొత్తవి, రెండు రీబటన్. కొత్త జత హార్స్ వెనక ఉండే రెండు హౌసింగుల్లో ముందుదానికి వేయాలని నేను, వెనకదానికి వేయాలని బాబాయి వాదించుకుంటూ ఉండగా టైర్ల కుర్రాడు విసుగొచ్చి తన చేతికి దగ్గరున్న చోట బిగించేశాడు. అది వెనక హౌసింగు. ఆ రోజు అందరి టీ డబ్బులూ బాబాయే ఇచ్చాడు.